రాత్రి మోగిన బడి గంట

పోయిన నెలలో అవ్వ పెద్దకర్మకు వెళ్లి వచ్చాం. సీతారామపురం వైపు, వెలిగొండల కింద ఉండే ఆ చిన్న ఊరికి నేనూ మా ఆవిడా వెళ్లి చాలా ఏళ్లయింది. భోజనాలయ్యాక ఇంటి ఆడవాళ్లు అవ్వ సామాను సర్దుతుంటే మేం పంచలో కూర్చున్నాం. అవ్వ మనుమరాలు గూట్లో నుంచి మసిబారిన సీసా ఒకటి తీసి, మూతికి బిగించిన గుడ్డ పీలికను లాగింది. లోపల వంటాముదం. కమురూ కమ్మదనమూ కలిసిన ఆ వాసన పంచ దాకా వచ్చింది. మా ఆవిడ చప్పున నా చెయ్యి పట్టుకుంది.

అవ్వ మాకు చుట్టం కాదు. ఆ ఊరి మంత్రసాని. మా పెద్దమ్మాయిని ఈ లోకంలోకి అందుకున్న చేతులు ఆమెవి.

1989లో వచ్చిన కావలి తుఫానుకు రెండు మూడేళ్ల ముందు మాట ఇది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. ఆ ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలలో నాకు మొదటి ఉద్యోగం. అరవై గడపల ఊరు. సజ్జ చేలు, కంది, వేరుశనగ, గట్ల మీద ఆముదం చెట్లు, ఇంటింటికీ మేకలు. సాయంత్రం మందలు తిరిగి వస్తుంటే లేచే దుమ్ములో కొండలు ఎర్రగా కనిపించేవి. తర్వాత ఊరంతా పాల వాసన, పిడకల పొగ, సంకటి గెలికే తెడ్ల చప్పుడు. ఊళ్లో మమ్మల్ని పేరు పెట్టి పిలిచినవారు లేరు. నేను అయ్యవారిని, మా ఆవిడ అయ్యవారమ్మ.

బస్సు మా ఊరికి రాదు. మూడు కిలోమీటర్ల బండిబాట నడిచి, వాగు దాటితే, అవతలి ఒడ్డునే ఉన్న పెద్ద ఊరికి వస్తుంది. రాత్రికి వచ్చి అక్కడే పడుకుని, తెల్లవారుజామున ఉదయగిరికి బయలుదేరే ఎర్ర బస్సు అది. నెల్లూరు వెళ్లాలంటే ఉదయగిరి నుంచి మళ్లీ దాదాపు వంద కిలోమీటర్లు. ఏడాదిలో పది నెలలు ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. పిల్లలు చెలమలు తవ్వి, కొబ్బరి చిప్పతో నీళ్లు తోడి బిందెలు నింపేవారు. కానీ మన జిల్లాకు వానలు ఈశాన్యం నుంచి కదా. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో సముద్రంలో వాయుగుండం పుడితే, ఆ వాన వచ్చి మా కొండల మీద కురిసేది. అప్పుడు రెండేసి రోజులు, ఒక్కోసారి నాలుగేసి రోజులు వాగు ఎవరినీ దాటనిచ్చేది కాదు.

మా ఆవిడకు నెలలు నిండేది సరిగ్గా కార్తీకంలో.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. ఏడో నెలలో చలిమిడి పెట్టి, గాజులు తొడిగి, అమ్మ వచ్చి తీసుకువెళ్లాలి. మా అత్తగారు మా పెళ్లికి ముందే పోయారు. మామగారు ఒక్కరే వండుకు తింటున్నారు. ఇటు మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచం దిగలేని స్థితి. పిలిచే పుట్టిల్లూ లేదు, ఆదుకునే అత్తిల్లూ లేదు. తొమ్మిదో నెల రాగానే ఉదయగిరిలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆస్పత్రికి దగ్గరగా ఉందామని ఇద్దరం అనుకున్నాం. పైకి ఆ మాట ధైర్యంగానే చెప్పుకునేవాళ్లం. రాత్రిళ్లు మాత్రం ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. నిద్రపోలేదని నాకు తెలుసు. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం బడి వదిలి ఇంటికి వచ్చేసరికి అవ్వ మా గడపలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నల్లగా, వంగని నడుము, చెవులకు బరువైన కమ్మలు. అంతకుముందు ఆమెతో నేను పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. పరామర్శలేమీ చేయలేదు. మా ఆవిణ్ణి ఒక్కటే అడిగింది.

"అమ్మణ్ణీ, మీ అమ్మ కట్టిన చీర ఒకటైనా నీ దగ్గర ఉందా?"

ఉంది. పెట్టె అడుగున, కర్పూరం బిళ్లల మధ్య, ఒకే ఒక్క వెంకటగిరి నూలు చీర. తెల్లటి నేల, సన్నటి జరీ అంచు. ఎన్నో ఉతుకులకు మెత్తబడి, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. మా ఆవిడ దాన్ని ఎప్పుడూ కట్టుకోలేదు. అప్పుడప్పుడు బయటికి తీసి, మొహానికి ఆనించుకుని, మళ్లీ మడతపెట్టి దాచేది. తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది.

"పొత్తిగుడ్డలకు ఇంతకంటే మంచి నేత దొరకదు," అంది అవ్వ. "చించుదామా?"

మా ఆవిడ చీరను లాగేసుకుంది. అమ్మది ఇదొక్కటే మిగిలిందని చెప్పబోయి, చెప్పలేకపోయింది. అవ్వ తొందరపెట్టలేదు. గడపలో అలాగే కూర్చుని, కొంగున ఉన్న వక్క తీసి కొరుక్కుంది. చాలాసేపటికి మెల్లగా అంది: "మీ అమ్మ ఉంటే ఈ పాటికి ఇక్కడికి వచ్చి, తన చీరలు తనే చించుతూ ఉండేది, తల్లీ. బిడ్డ ఒంటికి మొదట అమ్మమ్మ గుడ్డే తగలాలి."

నేను వసారాలోకి వచ్చేశాను. కాసేపటికి లోపల పర్రుమని చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. రెండోసారి చించింది మా ఆవిడేనని తర్వాత చెప్పింది. ఆ పగలంతా ఆ చప్పుడు నా చెవుల్లోనే ఉంది. సాయంత్రం ఇద్దరూ కలిసి ఆ పీలికల్ని కుండలో ఉడకేసి, ఉతికి, మా ఇంటి ముందు దడి మీద ఆరేశారు. జరీ అంచున్న ముక్కను మాత్రం అవ్వ వేరుగా తీసి పెట్టింది.

దడి మీద ఆ గుడ్డలు ఊరందరి కంటా పడ్డాయి. మర్నాటి నుంచి మా గడపలోకి మూటలు రావడం మొదలైంది. పాత పంచె చెరుగులు, మెత్తటి రవికెలు, ఎవరి ఇంట్లోనో తాత కట్టి విడిచిన ధోవతి సగం. బడిపిల్లలు పలకల సంచిలో పెట్టుకుని తెచ్చి, పాఠం మధ్యలో లేచి నిలబడి "అయ్యవారూ, మా అమ్మ ఇమ్మంది" అనేవారు. ఎవరి గుడ్డ ఎవరు ముట్టుకోవాలన్న పట్టింపులు ఆ ఊళ్లో అప్పటికి బలంగానే ఉన్నాయి. ఆ పట్టింపులన్నీ పక్కన పెట్టి ఆ మూటలు ఒకే కుండలో ఉడికాయి. ఇది నేను కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

జీతం తెచ్చుకోవడానికి ఉదయగిరి వెళ్లినప్పుడల్లా ఆ కొండ కింద వీధుల్లో తిరగడం నాకు అలవాటు. చెక్క చెంచాలు చేసే ఇళ్లుండేవి. నర్ది చెక్కను చిన్న బాడిసెతో చెక్కి, ఆకురాయితో రుద్ది, గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేసేవారు. పని చేసే చోట పచ్చి చెక్క పొట్టు వాసన వేసేది. ఇప్పుడు ఆ చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పెద్ద ఊళ్ల దుకాణాల్లో గాజు అద్దాల వెనక అమ్ముతున్నారు. అప్పట్లో వీధి అరుగు మీద పరిచి పెట్టేవారు. ఒక పెద్దాయనతో పసిబిడ్డ నోటికి సరిపడే చెంచా ఒకటి చేయించాను. నా చూపుడు వేలంత పొడవు. అంచులు గీరుకోకుండా ఉన్నాయో లేదో ఆయన తన పెదవి మీద పెట్టి చూసుకుని ఇచ్చాడు.

ఆ రోజే టీకొట్టు దగ్గర పదవీ విరమణ చేసిన ఒక మాష్టారు ఉదయగిరి కోట కథ చెప్పారు. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో ఆ కోటను గజపతుల దగ్గర నుంచి గెలుచుకున్నాడు. కోటలో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని తనతో తీసుకుపోయి, 1515లో హంపిలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె గెలుపు గురించీ, గుడి గురించీ ఏమీ అడగలేదు. "అంత దూరం దారిలో ఆ పసివాణ్ణి ఎవరు ఎత్తుకున్నారో," అంది.

చెంచా చూపించగానే అవ్వ మాత్రం కోప్పడింది. బిడ్డ భూమ్మీద పడకముందే బిడ్డ సామాను కొత్తది ఇంట్లోకి రాకూడదు. పాతగుడ్డలు పర్వాలేదు, కొత్త వస్తువు వద్దు. ఆ మాట వెనక ఎన్ని ఖాళీ ఉయ్యాలలున్నాయో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆమె మాట దాటలేదు. చెంచాను బడికి తీసుకుపోయి, సుద్దముక్కల పెట్టెలో దాచాను. పాఠం చెబుతూ సుద్దముక్క కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్లకు తగిలేది.

ఇక వంటాముదం సంగతి. ఎనిమిదో నెలలో అవ్వ ఒక రోజంతా మా పెరట్లోనే ఉంది. గట్ల మీద ఏరుకొచ్చిన గింజల్ని మంగలంలో వేయించింది. రోట్లో మెత్తగా దంచింది. కుండలో నీళ్లు తెర్లుతుంటే ఆ ముద్ద వేసి, మంట తగ్గకుండా చూస్తూ కూర్చుంది. నూనె నెమ్మదిగా పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చుకుని, వేరే గిన్నెలో పోసి, సన్నసెగ మీద మళ్లీ కాచాలి. లోపల తడి ఉన్నంతసేపూ చిటపటలాడుతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగితే దించాలి. అవ్వ అప్పుడు కళ్లు మూసుకుని చెవితోనే చూసేది. బిడ్డ మాడుకు పెట్టడానికి ఇది, బాలింత ఒంటికి ఇది, దీపం వెలిగించి కాటుక పట్టడానికి ఇది. మిల్లు ఆముదాన్ని ఆమె పసిబిడ్డ దగ్గరికి రానిచ్చేది కాదు. మా ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నీ నేర్చుకుంది. ఆ వాసన రెండు రోజుల దాకా ఇంట్లో నుంచి పోలేదు. ఎనిమిదో నెలలో తనకు దిగులు తగ్గింది ఆ రోజేనని ఇప్పటికీ చెబుతుంది.

వాగు అవతలి ఊళ్లో సబ్‌సెంటర్ ఉండేది. అక్కడి నర్సమ్మ వారానికోసారి గొడుగు పట్టుకుని నడిచి వచ్చేది. మా ఆవిడకు ధనుర్వాతం టీకా రెండుసార్లు వేసింది, ఐరన్ మాత్రలు ఇచ్చింది, కాళ్ల వాపు చూసేది. ఆఖరి నెలలో ఒక పొట్లం తెచ్చింది. అందులో సబ్బు, కొత్త బ్లేడు, బొడ్డు కట్టే దారం, పరుచుకునే ప్లాస్టిక్ గుడ్డ. "ఉదయగిరి వెళ్లేవరకూ ఇంట్లో ఉండాలి. అవసరం రాకపోతే తిరిగి ఇచ్చేయండి," అంది. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని అయిదు వేళ్లు లెక్కపెట్టి చెప్పింది: శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకుండా శుభ్రంగా ఉంచడం.

ఎన్నో పురుళ్లు పోసిన మనిషి, ఈ వయసులో ఒకరి చేత పాఠం చెప్పించుకుంటుందా అని నేను భయపడ్డాను. అవ్వ పొట్లంలోని బ్లేడును తీసి, కాగితం విప్పకుండా చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, తను పోగొట్టుకున్న సొంత బిడ్డల సంగతి చెప్పింది. ఇద్దరు. ఇద్దరూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. వారం తిరిగేసరికి పాలు పట్టడం మానేసి, దవడలు బిగిసి, ముట్టుకుంటే చాలు విల్లులా వంగిపోయి చనిపోయారు. ఆ బొడ్లు కోసింది కొడవలితో. "గాలి సోకిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను," అంది. నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

మన రాష్ట్రంలో 2003లోనూ, దేశమంతటా 2015లోనూ ఆ జబ్బును, అంటే ధనుర్వాతాన్ని, తల్లుల్లో, పసిబిడ్డల్లో నిర్మూలించినట్టు ప్రకటించారు. అంటే ఏ జిల్లాలోనైనా బతికి పుట్టిన వెయ్యిమంది బిడ్డల్లో ఒక్కరికి కూడా రానంతగా తగ్గించారన్నమాట. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నాకు అవ్వ చేతిలోని ఆ బ్లేడే కళ్లకు కట్టింది.

నా వంతు పని దారి సిద్ధం చేయడం. పక్కింటి రైతు గూడు బండి ఇస్తానన్నాడు. ఎడ్లకు నాడాలు కొట్టించాం. వాగు ఒడ్డున బురద పడే చోట పిల్లలూ నేనూ కలిసి రాళ్లు పరిచాం. బస్సు డ్రైవరుతో మాట్లాడాను. రాత్రి ఎప్పుడు లేపినా లేస్తానని ఆయన మాటిచ్చాడు. మిగిలింది, నడిరాత్రి నొప్పులొస్తే ఊరిని లేపడం ఎలా అన్నది. దానికి బడి గంట ఉంది. గంటంటే వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనప బోల్టు. రాత్రి పూట ఆగకుండా మోగితే మగవాళ్లంతా రావాలని ఊరి పెద్ద రచ్చబండ దగ్గర చెప్పాడు. ఆ నెలంతా పిల్లలు బడి వదిలాక గంట దగ్గరికి కూడా వెళ్లలేదు. ఎవరి చెయ్యయినా పొరపాటున తగిలితే అందరూ కలిసి మందలించేవారు.

సోమవారం ఉదయగిరికి బయలుదేరాలనుకున్నాం. గది కూడా కుదిరింది. శుక్రవారం పొద్దున ప్రాంతీయ వార్తల్లో వాయుగుండం అన్నారు. ఆ రాత్రే ముసురు పట్టింది. శనివారం రోజంతా కొండ కనిపించలేదు. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న వాగు హోరు మా వసారాలోకి వినిపించింది.

ఆదివారం రాత్రి నొప్పులు మొదలయ్యాయి.

వానలో పరుగెత్తుకుంటూ వెళ్లి గంట కొట్టాను. ఎంతసేపు కొట్టానో తెలియదు. వెనక నుంచి ఎవరో వచ్చి నా చేతిలో బోల్టు తీసుకుని "చాలు అయ్యవారూ, వచ్చేశాం" అనేదాకా కొడుతూనే ఉన్నాను. చూస్తే గొంగళ్లు కప్పుకుని, లాంతర్లు పట్టుకుని వేపచెట్టు కింద ఊరంతా ఉంది. అవ్వ అప్పటికే మా ఇంట్లో ఉంది. లోపలి నుంచి కేకేసి చెప్పింది, బండెక్కించే సమయం దాటిపోయిందని, నర్సమ్మను తీసుకురమ్మని.

వాగు దగ్గరికి బండిలో వెళ్లాం. లాంతరు వెలుగులో నీళ్లు కనిపించవు, చప్పుడే. మేకలు కాసే కుర్రాళ్లు ఇద్దరు నడుముకు మోకు కట్టుకుని, పై రేవు దగ్గర రాళ్ల వరుస మీద దాటారు. ఆ వాగు రాళ్లన్నీ వాళ్లకు కాళ్లతోనే తెలుసు. అవతలి చెట్టుకు మోకు కట్టారు. ఆ తర్వాత ఎంత సమయం గడిచిందో, నా బతుకులో అంత పొడుగు సమయం మళ్లీ రాలేదు. అప్పుడు అవతలి ఒడ్డున బస్సు మోటారు చప్పుడైంది. రెండు పెద్ద దీపాలు వెలిగి, వెలుగు నేరుగా నీళ్ల మీద పడింది. డ్రైవరు బస్సును ఒడ్డు అంచు దాకా తెచ్చి నిలబెట్టాడు. ఎర్రటి నీళ్లు, వాటిలో కొట్టుకుపోతున్న కొమ్మలు, ఆ వెలుగులో మోకు పట్టుకుని, తలమీద సంచితో, ఇద్దరు కుర్రాళ్ల నడుమ నర్సమ్మ. నడుము దాకా నీళ్లు. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలున్నారని నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఒడ్డెక్కగానే ఆమె అడిగిన మొదటి మాట, "నీళ్లు మరగబెట్టారా?"

తెల్లవారుతుండగా ఆడపిల్ల. నేను పంచలో ఉన్నాను. లోపలి నుంచి ముందు అవ్వ నవ్వు వినిపించింది, తర్వాత ఏడుపు. నర్సమ్మ బ్లేడుతో బొడ్డు కోసింది. జరీ అంచున్న ఆ గుడ్డలో చుట్టి అవ్వ బిడ్డను తీసుకొచ్చి నా ఎదురుగా పట్టుకుంది. నేను చేతులు చాచలేదు. చేతులు వణుకుతున్నాయి. "ఎత్తుకో నాయనా," అంది. "నీ బిడ్డే."

ఆ తర్వాతి నెల రోజులూ ఇంట్లో ఏ వేళకు ఏ వాసన ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. పొద్దున సాంబ్రాణి పొగ. మధ్యాహ్నం వేయించిన వాము, శొంఠి. బెల్లమూ నెయ్యీ కలిపి అవ్వ చేసిన కాయం. సాయంత్రం మళ్లీ ఆముదం. చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని అవ్వ నీళ్లు పోస్తుంటే బడిపిల్లలు దడి మీద నుంచి తొంగిచూసేవారు. ముర్రుపాలు పిండి పారబోయాలన్నది అవ్వ పాత అలవాటు. నర్సమ్మ పడనివ్వలేదు. పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించింది. అవ్వ గొణిగింది. మర్నాటి నుంచి తనే ఊళ్లో అందరికీ, అయ్యవారి బిడ్డ మొదటి పాలు తాగిందని చెప్పుకుంది.

ఆరో నెల అన్నప్రాసనకు నేను బడికి వెళ్లి సుద్దముక్కల పెట్టెలో నుంచి చెంచా తెచ్చాను. గాట్లలోకి తెల్లటి పొడి చేరింది. అవ్వ దాన్ని కడిగి, కడిగి, చింతపండుతో తోమి ఇచ్చింది.

మాకు బదిలీ వచ్చి వెళ్లిపోయే రోజున అవ్వ వాగు దాకా వచ్చింది. ఆ తర్వాత నాలుగైదు సార్లు కలిశాం. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక ఒకసారి వెళ్తే, "ఇప్పుడు నన్నెవరూ పిలవడం లేదు అయ్యవారూ, అందరూ బండెక్కి వెళ్లిపోతున్నారు," అంది. ఆ గొంతులో బాధ లేదు. కోడలి కాన్పుకు తనే ఫోను చేయించిందట.

పెద్దకర్మ నాడు మనుమరాలు ఆ సీసాను మా ఆవిడ చేతిలో పెట్టింది. చివరిసారి అవ్వ కాచిన నూనె, ఇంట్లో వాడేవాళ్లు లేరు, మీరే తీసుకుపోండి అంది. మా ఆవిడ మూతికి బిగించిన గుడ్డ పీలికను వెలుగులోకి పట్టి, వేళ్లతో సాగదీసి చూసింది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. జరీ అంచేమీ లేదు. ఎవరిదో ముతక పంచె చెరుగు.

ఇప్పుడు బస్సు ఊళ్లోకే వస్తుంది. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, సీసా ఒలకకుండా ఒళ్లో నిటారుగా పట్టుకుంది. నేను పై రేవులోని రాళ్ల వరుస ఎక్కడుందో చూద్దామని బయటికే చూస్తున్నాను. ఎంతసేపటికీ వాగు రాలేదు. చివరికి కండక్టరును అడిగాను.

"వంతెన ఎప్పుడో దాటేశాం సార్," అన్నాడు.